గాల్లో ఆడే కత్తెర

“ఒరేయ్ వైండింగూ, ఆ గిటార్ నాకు నేర్పుతావా?” అంటూ క్రాఫు బాబాయి నా కొట్టులోకి వచ్చిన మధ్యాహ్నం, నేను ఒక నీళ్ల మోటారు విప్పుకుని కూర్చున్నాను. చుడుతున్న రాగి తీగ చేతిలోంచి జారి పని మొదటికొచ్చింది.

“నీకా?”

“నాకు కాక మా కుర్చీకా?”

“ఇప్పుడెందుకు బాబాయ్ ఈ సరదా?”

ఆయన గుమ్మం బయటికి ఓసారి తొంగి చూసి గొంతు తగ్గించాడు. “సరదా కాదురా. మిషను పొద్దస్తమానం ఆన్‌లో పెట్టి ఉంచలేను కదా.”

ఇంకెవరైనా అయితే ఆ మాటకి బాబాయికి మతి పోయిందనుకునేవారు. నాకు మాత్రం అర్థమైంది. ఆయన సెలూన్‌కీ నా మోటారు వైండింగ్ కొట్టుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అది కూడా పూర్తిగా లేపిన గోడ కాదు, కప్పు కింద జానెడు సందు వదిలేశారు. నా వార్నిష్ వాసన ఆ సందులోంచి అటు పోతుంది. ఆయన కత్తెర చప్పుడు ఇటు వస్తుంది. ఈ మధ్య ఇంకొకటి కూడా వస్తోంది. దాని సంగతి చెప్పాలంటే ముందు పిన్ని సంగతి చెప్పాలి.

బాబాయి పదిహేను పదహారేళ్లప్పుడు ఒక సెలూన్‌లో నేల ఊడవడానికి చేరాడట. చీపురు చేత్తో పట్టుకుని, కళ్లతో పని దొంగిలించాడు. అందరూ హెయిర్ కట్ అంటున్నా ఆయన నోట ‘క్రాఫు’ అనే వస్తుంది. ఆ మాటే ఆయనకి పేరై కూర్చుంది. ఆయన భార్యని వీధి వీధంతా పిన్ని అంటుంది. మలుపు దగ్గర, పనులకెళ్లే తల్లిదండ్రులు పసిపిల్లల్ని దింపి వెళ్లే క్రెష్ ఒకటుంది. అందులో ఆవిడ ఆయా. పొద్దున్నుంచీ పిల్లల ముక్కులూ మూతులూ తుడవడం ఎవరైనా చేస్తారు. కానీ మధ్యాహ్నం అన్నాలయ్యాక గదినిండా పిల్లల్ని ఒకేసారి పడుకోబెట్టడం మాత్రం పిన్నికే చేతనవుతుంది. దానికి ఆవిడ దగ్గరున్న మందు ఒకటే. ఎక్కడా నేర్చుకోని పాట, ఆ గదిలో కూర్చుని ఆ గదిలోని సామానుతోనే కట్టుకున్న పాట:

బుజ్జి చెప్పులు గుమ్మంలోన పడుకున్నాయి
బుజ్జి గ్లాసులు బల్ల మీద పడుకున్నాయి
కిటికీ రెక్కా కళ్లు మూసింది
ఇంకా మెలకువ ఎవరికమ్మా, ఎవరికమ్మా

మూడో వరుస దగ్గర పాట పైకి లేస్తుంది. కిటికీ రెక్క నిజంగానే కదిలినట్టుంటుంది. ఆ వరుసకి సగంమంది పిల్లలు పడిపోయేవారు. నాలుగో వరుస మిగిలినవాళ్ల కోసం.

ఆమధ్య పిన్ని మెడలో గడ్డ లేస్తే ఆపరేషన్ చేశారు. గడ్డ మంచిదే, భయం లేదన్నారు. గొంతు మాత్రం మారిపోయింది. సన్నగా గంటలా ఉండేది కాస్తా బొంగురుగా, లావుగా, మగగొంతుకి పక్కింటి దానిలా తయారైంది. “మునుపటి గొంతు రాదమ్మా, కానీ ఉన్న గొంతుని వాడకపోతే అదీ పోతుంది. పాడుతూ ఉండు,” అని డాక్టరు చెప్పాడు. ఆవిడ క్రెష్‌కి వెళ్లి ఒకసారి ప్రయత్నించింది. కిటికీ రెక్క దగ్గర గొంతు రెండుగా చీలిపోయింది. ఒక పిల్లాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు, వాడిని చూసి పక్కవాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికొచ్చేసింది.

క్రెష్ నడిపే మేడమ్ మంచి మనిషి. “పిల్లలకి సెలవులు అయ్యేదాకా పడక గది పని నీకే ఉంచుతాను. తర్వాత మాత్రం ఇంకొకరిని చూసుకోక తప్పదు. వంటగదికి వస్తానంటే అక్కడ చోటు ఎప్పుడూ ఉంటుంది,” అంది. వంటగది అంటే గిన్నెలు. పిన్నికి పని అంటే భయం లేదు, గిన్నెలంటే చిన్నచూపూ లేదు. కానీ ఆ తలుపుకి ఇటువైపు కూర్చుని, అటువైపు పిల్లల్ని ఇంకొకరు జోకొడుతుంటే వినడం ఆవిడ వల్ల కాని పని. అది బాబాయికి తెలుసు.

సెలవుల్లో పిన్ని సెలూన్‌కి వచ్చి తువ్వాళ్లు ఉతకడం, మడతపెట్టడం చేసేది. అప్పుడు మొదలైంది నేను చెప్పిన ఆ ఇంకొకటి. మెడ వెనకా చెవుల పక్కనా గొరగడానికి బాబాయి దగ్గర ఒక పాత కరెంటు మిషనుంది. ఆన్ చేస్తే జుమ్మని మోగుతుంది. దాని లోపల ఉండేది చిన్న కాయిల్. కరెంటు ఎలా వణికితే అదీ అలాగే వణుకుతుంది కాబట్టి దాని శ్రుతి ఎన్నడూ మారదు. ఆ జుమ్మనే చప్పుడు కింద, దాని చాటున, పిన్ని కూనిరాగం తీసేది. మిషను మోతలో తనది ఎవరికీ వినపడదని ఆవిడ ధీమా. గోడ మీద సందుందని మర్చిపోయింది. బాబాయి మిషను ఆపాడో, అదే క్షణంలో రాగమూ ఆగిపోయేది.

అప్పట్నుంచి బాబాయి మిషను ఆపడం తగ్గించాడు. జుట్టు ఉన్నా లేకపోయినా తల చుట్టూ గాల్లో తిప్పుతూనే ఉండేవాడు. రోజూ గడ్డానికొచ్చే బస్సు డ్రైవరు బట్టతల మనిషి. ఆయన ఒకరోజు ఇక పట్టలేక అన్నాడు.

“బావా, నా తల మీద ఉన్నవే నాలుగు. వాటికి ఇంతసేపు మిషనా? లోపలున్న ఆలోచనలు కూడా గొరిగేస్తున్నావా ఏంటి?”

“లోపలేమైనా ఉంటే కదా బావా గొరగడానికి. కదలకు.”

అదీ సంగతి. క్రెష్‌లోకి ఆ మిషను తీసుకెళ్లలేం, పిల్లలు జడుసుకుంటారు. పిన్ని గొంతుకి కింద ఆనుకోవడానికి ఏదో ఒక మోత కావాలి. నా కొట్టులో మేకుకి వేలాడుతున్న పాత గిటార్ మీద ఆయన కన్ను పడింది.

“మీ పిన్నికి తెలియకూడదు,” అన్నాడు.

“అలాగే.”

నాకూ గిటార్ ఎవరూ నేర్పలేదు. మోటార్లలాగే విప్పి, కట్టి, తప్పులు చేసి నేర్చుకున్నాను. అందుకే ఉపన్యాసం లేకుండా, రోజూ పిన్ని ఇంటికెళ్లాక, నేరుగా పనిలో పెట్టాను. పాత తీగలు తుప్పు పట్టాయి కాబట్టి కొత్తవి ఎక్కించి, ఒక్కో చుట్టు మాత్రం తిప్పి, “సాయంత్రం బిగిస్తాను, ముట్టుకోకు,” అని చెప్పి ఒక మోటారు ఇచ్చి రావడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బాబాయి చేతులు కట్టుకుని, పని ముగించిన మనిషిలా నిలబడి ఉన్నాడు.

“ఏరా, అలా చింపిరి జుట్టుతో వదిలేసి వెళ్లావేంటి దాన్ని? చూడలేకపోయాను.”

గిటార్ తల మీద తీగలు బిగించే కీలల్లోంచి మిగిలిన కొసలు పైకి నిక్కుతూ ఉంటాయి. నా కటింగ్ ప్లయర్ తీసుకుని వాటిని మొదళ్ల దాకా కత్తిరించేశాడు. ఎంత శుభ్రంగా కత్తిరించాడంటే, ఒక్క కొస కూడా ఇంకోదానికంటే పొడుగు లేదు. నేను మొదటి కీల బిగించాను. తీగ టప్పున ఊడి వచ్చింది. రెండోది కూడా. మూడోది ముట్టుకోబోయేసరికి ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు.

“బతికున్న జుట్టు కాదన్నమాట,” అన్నాడు మొహం వేలాడేసి. “బిగించాకే కోయాలా?”

“బిగించాకే కోయాలి.”

“తప్పు నాది. తీగలు నేను తెచ్చుకుంటాను.”

తెచ్చుకున్నాడు. ఈసారి తానే ఎక్కించాడు, ఊడలేదు. అక్కడ నాకు ఆయన మీద నమ్మకం కలిగింది. ఒకసారి చేసిన తప్పుని చేతికి అప్పగించేసే మనిషి ఆయన. రెండోసారి చెయ్యే గుర్తుపెట్టుకుంటుంది.

ఆ పాటకి మూడే మూడు కార్డ్‌లు చాలు. కార్డ్ అంటే ఏమీ లేదు, తీగల మీద కొన్నిచోట్ల వేళ్లతో నొక్కిపెట్టి అన్నిటినీ ఒకేసారి మీటడం. జీ, సీ, డీ అని వాటికి పేర్లున్నాయి. ఆ పేర్లు బాబాయికి ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోయాయి. రెండో రోజు సొంతంగా పేర్లు పెట్టుకొచ్చాడు. జీలో వేళ్లు రెండు అంచుల మీదికీ పోతాయి కాబట్టి అది ‘చెంపలు’. సీలో వేళ్లు ఒకదాని కింద ఒకటి దిగుతాయి కాబట్టి ‘మెట్లు’. డీలో మూడు వేళ్లూ ఒకచోట గుమిగూడతాయి కాబట్టి ‘పిలక’.

“చెంపలు, మెట్లు, పిలక, మళ్లీ చెంపలు. ఇంతేనా పాట?”

“ఇంతే.”

“దీనికా ఇంతమంది జుట్టు పెంచుకుని తిరుగుతారు?”

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి రోజుల్లో చెంపలు నొక్కితే మధ్యలో రెండు తీగలు చెక్క ముక్కల్లా టుక్కుమన్నాయి. వేలు పక్క తీగని తాకుతోందన్నమాట. వేలి కొన నిలబెట్టమన్నాను. వేళ్ల కొసలు మండిపోయాయి. పొద్దున్నే గడ్డం సబ్బు తాకితే చుర్రుమంటోందని నవ్వుతూనే చెప్పాడు. వారం తిరక్కుండానే చెంపలు శుభ్రంగా మోగాయి. మోగిన మరుక్షణం బాబాయి గిటార్ పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు.

“ఒరేయ్! ఇది మా మిషనే!”

సెలూన్‌లోకి పరుగెత్తి మిషను తెచ్చి, నా ప్లగ్గుకి పెట్టి ఆన్ చేశాడు. జుమ్మంది. నేను చెంపలు పట్టుకుని లావు తీగ ఒక్కటే మీటాను. ఆ రెండు మోతలూ పక్కపక్కన నడిచే అన్నదమ్ముల్లా ఉన్నాయి, ఒకడు కొంచెం వెనకబడ్డాడు అంతే.

“వెంట్రుకవాసి తక్కువుంది,” అన్నాడు బాబాయి. వెంట్రుకవాసి అన్న మాట ఆయన నోట వస్తే అది ఊరికే అనే మాట కాదు, కొలత. కీల కొంచెం బిగించాను. రెండు మోతలూ ఒకటయ్యాయి. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తక్కిన తీగలు కూడా దానికి సరిపెట్టాను. ఆ గిటార్ ఇవాళ్టికీ బాబాయి మిషను శ్రుతిలోనే ఉంది.

ఇక మిగిలింది మార్పు. చెంపల మీంచి మెట్ల మీదికి వేళ్లు దూకాలి. దూకేముందు బాబాయి కుడిచెయ్యి ఆగిపోయేది. ఎడమచేతి వేళ్లని ఒక్కొక్కటే పట్టి చోట్లో కూర్చోబెట్టేవాడు, చంటిపిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టినట్టు. అందరూ కూర్చున్నాక మళ్లీ మీటేవాడు.

“ఆగకూడదు బాబాయ్.”

“ఆగకపోతే తప్పు మోగుతుందిగా!”

“మోగనీ.”

“నా చేత్తో తెలిసి తెలిసి తప్పు చెయ్యమంటావా?”

అక్కడ ఆయన పంతం. జుట్టు విషయంలో ఆ పంతం వల్లే ఆయన దగ్గరికి జనం వస్తారు. గిటార్ విషయంలో అదే కాళ్లకి అడ్డం పడింది. నాకేమో దాన్ని విడమరిచి చెప్పడం చేతకాలేదు.

సెలవులు ముగింపుకొచ్చేశాయి. బాబాయికి కంగారు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం కుర్చీలో డ్రైవరు మొహం మీద వేడి తువ్వాలు కప్పుకుని గుర్రు పెడుతున్నాడు, పిన్ని బల్ల దగ్గర తువ్వాళ్లు మడతపెడుతోంది. బాబాయి నా కొట్టులోంచి తెచ్చుకున్న గిటార్ ఏమీ ఎరగనట్టు తీసి చెంపలు మీటడం మొదలుపెట్టాడు. గోడకి ఇటువైపు నేను పని ఆపేశాను.

“ఇదెప్పట్నుంచి?” అని పిన్ని నవ్వడం వినపడింది. “ఈ వయసులో వేషాలా?”

“కాలక్షేపంలే.”

కిందికి, కిందికి, కిందికి, ఒకే తీరుగా మీటుతున్నాడు. కాసేపటికి సందులోంచి రాగం వచ్చింది. మొదట మిషను చాటున వచ్చినట్టే సన్నగా, తర్వాత కొంచెం ధైర్యంగా. బుజ్జి చెప్పులు గుమ్మంలో పడుకున్నాయి. ఇప్పుడు మెట్లు రావాలి. గిటార్ ఆగింది. బాబాయి వేళ్లు వెతుక్కుంటున్నాయి. రాగమూ ఆగింది. మళ్లీ గిటార్ మోగింది కానీ రాగం రాలేదు.

“ఓహో,” అంది పిన్ని. “ఇదా సంగతి.”

“ఏ సంగతే?”

“నేను మిషను చాటున ఏదో గొణుక్కుంటుంటే మీరు విన్నారు. మీరే కాదు, వాడూ విన్నాడు.” వాడు అంటే నేను. గోడ వైపు చెయ్యి చూపించి ఉంటుంది. “వినపడుతోందిరా అబ్బాయ్, ఊపిరి బిగపట్టక్కర్లేదు! ఇద్దరూ కలిసి నా గొంతుకి ఊతకర్ర చెక్కుతున్నారా?”

“ఊతకర్ర కాదే…”

“మరేంటి?”

తువ్వాలు కింద డ్రైవరు గుర్రు ఆగిపోయింది, మెలకువ వచ్చినా రానట్టు పడుకున్నాడు.

“ఊతం అడుగడుగుకీ విరిగిపోతుంటే పడేది నేనండీ,” అంది పిన్ని. ఆ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. “సోమవారం వెళ్లి వంటగదికి వస్తానని చెప్పేస్తా. ఇక ఈ ముచ్చట వదిలేయండి.”

ఆ సాయంత్రం మిషను ఎంతసేపు మోగినా దాని కింద రాగం లేదు. మర్నాడూ లేదు. ఉన్న కాస్తా పోయింది. నేను ఏదో ఒకటి చెయ్యాలని వెళ్లి ఆయన కుర్చీలో కూర్చున్నాను. నా తలకి అప్పుడే క్రాఫు అవసరం లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అయినా అడక్కుండా గుడ్డ కప్పాడు.

పిన్ని ఇంటికెళ్లింది. సెలూన్‌లో కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. కిచకిచకిచ అని ఆడుతోంది. అద్దంలో చూస్తూ కూర్చున్నాను. దువ్వెన జుట్టుని పైకెత్తింది, కత్తెర కోసింది. దువ్వెన పక్కకి జరుగుతోంది. అది జరుగుతున్నంతసేపూ కత్తెర ఆడుతూనే ఉంది, జుట్టుకి దూరంగా, ఉత్త గాల్లో.

“బాబాయ్, ఇప్పుడేం కోశావు?”

“ఏం కోయలేదు. దువ్వెన ఇంకా రాలేదుగా.”

“మరి కత్తెర ఎందుకు ఆడిస్తున్నావు?”

“ఆపితే ఎలారా? ఆపితే చెయ్యి చల్లబడుతుంది. మళ్లీ మొదలెట్టేటప్పుడు కుదుపొచ్చి జుట్టు మెట్లు పడుతుంది. దువ్వెన చోటు మారేదాకా కత్తెర గాల్లో ఆడాలి. ఇది పని నేర్చుకున్న మొదటి నెల్లోనే…”

మాట సగంలో ఆగిపోయింది. కత్తెర మాత్రం ఆగలేదు. అద్దంలో ఆయన తన ఎడమచేతిలోని దువ్వెనని చూశాడు. తర్వాత కుడిచేతిలో కత్తెరని చూశాడు. తర్వాత సెలూన్ గోడకి తగిలించిన గిటార్‌ని.

“ఒరేయ్ వైండింగూ,” అన్నాడు మెల్లిగా. “ఎడమచెయ్యి దువ్వెన.”

నేను తలూపాను.

“తల ఊపకు, చెవి తెగుతుంది!”

నాది సగం క్రాఫు. అలాగే గుడ్డ మీద జుట్టుతో కూర్చోబెట్టి గిటార్ అందుకున్నాడు. చెంపలు మీటాడు. వేళ్లు మెట్లకి బయల్దేరాయి, కుడిచెయ్యి ఆగలేదు. మధ్యలో ఒక్క మీటు ఏమీ నొక్కని ఉత్త తీగల మీద పడింది. బోలుగా, తలుపు తీసి వేసినట్టు మోగింది. తప్పే. కానీ ఆ తప్పు మీదుగా పాట నడిచి అవతలికి వెళ్లిపోయింది. రెండోసారి ఆ మీటుని తీగలకి తాకకుండా గాల్లోనే పోనిచ్చాడు, అచ్చం కత్తెరలాగే. మూడోసారికి వేళ్లు వేళకి వచ్చేశాయి.

“ఇది చెప్పడానికి నీకు ఇన్నాళ్లు పట్టిందట్రా?” అని తిట్టాడు.

“నేను చెప్పలేదు బాబాయ్, నువ్వే చెప్పావు.”

“నోర్ముయ్. తల దించు, రెండో చెవి వైపు ఉండిపోయింది.”

పిన్ని వెళతానన్న సోమవారానికి ముందురోజు ఆదివారం. సెలూన్ నిండుగా ఉంది. బెంచీ మీద పేపరుతో డ్రైవరు ఉన్నాడు, ఆయన పక్కన నేను. పిన్ని తువ్వాళ్ల దగ్గరుంది. బాబాయితో మాటలు అవసరానికి మాత్రమే నడుస్తున్నాయి. అప్పుడొక తల్లి నాలుగేళ్ల కూతుర్ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది. ఆ పిల్ల జుట్టు కళ్ల మీద పడుతోంది. కుర్చీ చేతుల మీద చెక్క అడ్డంగా వేసి కూర్చోబెట్టారు. మెడ దగ్గర సరిచేద్దామని బాబాయి మిషను ఆన్ చేశాడో లేదో, ఆ పిల్ల పెట్టిన కేకకి వీధిలో వెళ్లేవాళ్లు ఆగారు. మిషను ఆపేశాడు. కత్తెర తీశాడు. పిల్ల మెలికలు తిరుగుతుంటే కంటి దగ్గరికి కత్తెర ఎలా పోనిస్తాడు?

“క్రెష్‌లో కూడా ఇదే వరస అంకుల్,” అంది తల్లి చెమటలు తుడుచుకుంటూ. “సెలవుల్లో పిల్లలు తక్కువే, అయినా మధ్యాహ్నం కన్ను మూయడం లేదు. ఆయా అమ్మమ్మ రావడం మానేసిన దగ్గర్నుంచీ ఇంతే.”

అప్పుడే ఆ పిల్ల అద్దంలో పిన్నిని చూసింది. ఏడుపు మధ్యలోనే ఆగింది.

“అమ్మమ్మా! చెప్పుల పాట!”

పిన్ని చేతిలో తువ్వాలు సగం మడతలో ఉండిపోయింది. అందరూ ఆవిడ వైపు చూశారు, చూడకూడదని మళ్లీ చూపు తిప్పుకున్నారు. మిషను మోత లేదు. చాటు లేదు.

బాబాయి కత్తెర బల్ల మీద పెట్టి గిటార్ తీశాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పిన్ని వైపు చూడలేదు, పాడమనలేదు. తలొంచుకుని తన వేళ్లని చూసుకుంటూ మీటడం మొదలుపెట్టాడు. చెంపలు. మెట్లు. వేళ్లు ఒకసారి తడబడ్డాయి, చెయ్యి మాత్రం గాల్లో ఆడి అవతలికి దాటింది. పిలక. మళ్లీ చెంపలు. పాట ఒక చుట్టు మాటల్లేకుండానే తిరిగొచ్చింది. రెండో చుట్టూ అంతే. ఎక్కడా ఆగలేదు. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు పేపరు తిరగేసి పట్టుకున్నాడు.

పిన్ని వింటోంది. మొన్న ఎక్కడ విరిగిందో అక్కడ చెవి పెట్టి వింటోంది. మూడో చుట్టులో ఆ చోటు దాటగానే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడింది.

బుజ్జి చెప్పులు గుమ్మంలోన పడుకున్నాయి. లావుగా, కొంచెం గరగరగా వచ్చింది. బుజ్జి గ్లాసులు బల్ల మీద పడుకున్నాయి. ఇక కిటికీ రెక్క. ఆవిడ పైకి వెళ్లలేదు. అక్కడ పాటని కిందికి దించింది. తలుపు మెల్లిగా దగ్గరికి వేసినట్టు దిగి, ఆ లావు తీగ పక్కన వచ్చి కూర్చుంది. పాత పాటలో కిటికీ రెక్క కదిలేది. ఇప్పుడు నిజంగా మూసుకుంది.

పిల్ల తల వెనక్కి తిప్పి చూసింది. “అమ్మమ్మా, నీ గొంతు లావైపోయిందే!”

“అవునమ్మా,” అంది పిన్ని. “లావైపోయింది.”

“ఎలుగుబంటి అమ్మమ్మలా ఉంది. మళ్లీ పాడు.”

డ్రైవరు పేపరు వెనక ఒక్కసారిగా నవ్వేశాడు. పిన్ని కూడా నవ్వింది, నవ్వులోంచే మళ్లీ అందుకుంది. పిల్ల కళ్లు వాలిపోతున్నాయి. బాబాయి చేతులు ఖాళీ లేవు, ఆపితే పాట ఆగుతుంది. అది పిన్నికీ తెలుసు. పాడుతూనే వెళ్లి కత్తెర తీసుకుని, ఇన్నేళ్లుగా చూస్తున్న పనే కదా అన్నట్టు, పిల్ల నుదుటి మీది జుట్టు తానే కత్తిరించింది. బాబాయి మీటుతూనే ఆ కత్తెరని చూస్తున్నాడు. ఆయన మొహంలో పడ్డ బాధ నేను మర్చిపోలేను.

పిల్లని భుజాన వేసుకుని తల్లి వెళ్లిపోయాక బాబాయి ఇక ఆగలేకపోయాడు.

“క్రాఫు వంకరొచ్చిందే.”

“మీ మెట్లు తిన్నగా వచ్చాయా?” అంది పిన్ని. “మధ్యలో తడబడ్డారు.”

“తడబడ్డాను, ఆగానా?”

“ఆగలేదు,” అని ఒప్పుకుంది. ఒప్పుకుని, సగంలో ఉన్న తువ్వాలు మడత పూర్తిచేసింది.

సోమవారం క్రెష్‌కి వెళ్లింది. వంటగది మాట ఎత్తలేదట. “నా గది నాకే ఉంచండి, మా ఆయన్ని కూడా కొన్నాళ్లు కూర్చోనివ్వండి,” అని అడిగిందట. మేడమ్ సరేనంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే సెలూన్ తలుపుకి ‘భోజనానికి వెళ్లాను’ అన్న అట్ట వేలాడేది. క్రెష్ లోపల పిల్లల కుర్చీలు తప్ప లేవు. మోకాళ్లు చెవులకి తగిలేలా బాబాయి వాటిలో ఒకదాని మీద కూర్చుని మీటేవాడు. పిల్లలు ఆయనకి ‘గిటార్ తాత’ అని పేరు పెట్టారు. క్రాఫు అన్న పేరుకంటే ఇదే బాగుందని పిన్ని ఏడిపించేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు నేను క్రెష్‌లో సీలింగ్ ఫ్యాన్ విప్పడానికి వెళ్లాను. వసారాలో నిచ్చెన ఎక్కి ఉన్నాను. పిల్లల అన్నాలైపోయాయి, బాబాయి ఇంకా రాలేదు. సెలూన్‌లో ఎవరో తెమలని బేరం తగిలినట్టుంది. పడక గది లోంచి ఎలుగుబంటి అమ్మమ్మ గొంతు వినపడింది. గిటార్ లేదు, మిషను లేదు. చెప్పులు పడుకున్నాయి, గ్లాసులు పడుకున్నాయి. గొంతు తనంతట తానే నడుస్తోంది.

గేటు దగ్గర బాబాయి కనిపించాడు. పరుగెత్తుకుంటూ వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. గిటార్ వీపున ఉంది, దించలేదు. లోపలికి రాలేదు. కిటికీ రెక్క మూసుకునే దాకా అలాగే నిలబడ్డాడు. ఆయన కుడిచెయ్యి మాత్రం కిందికీ పైకీ గాల్లో ఆడుతూనే ఉంది.

ఆ రాగం ఆగాక నన్ను చూశాడు. చూపుడు వేలు పెదాల మీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఇక గిటార్ నాకు తిరిగిచ్చేస్తాడనుకున్నాను. సాయంత్రం నా కొట్టుకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, “ఇంకోటి నేర్పు,” అన్నాడు.

“ఇంకెందుకు బాబాయ్? పిన్నికి అవసరం తీరిందిగా.”

“నాకు తీరలేదురా.”

ఎఫ్ చూపించాను. దానికి చూపుడు వేలు మొత్తం తీగలన్నిటి మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి. నేర్చుకునేవాళ్లకి తల ప్రాణం తోకకొచ్చేది అక్కడే. ఆయనా దానితో కుస్తీ పడుతున్నాడు. ఒక్క తీగా సరిగా పలకడం లేదు. దానికి పేరు మాత్రం అప్పుడే పెట్టేశాడు, ‘బట్టతల’ అని. ఒక్క వెంట్రుక నిలబడకుండా అంతా చదునుగా ఉంటుందట.

ఆ సంగతి డ్రైవరుకి తెలిసింది. మొన్న గడ్డానికొచ్చి కుర్చీలో కూర్చుంటూ అడిగాడు.

“ఏం బావా, నా పేరు పెట్టిన కార్డ్ పలకడం లేదటగా?”

“పలుకుతుంది బావా, కొంచెం మొండిది,” అని బాబాయి కత్తెర అందుకున్నాడు. జుట్టు ఇంకా దొరకలేదు, కత్తెర మాత్రం అప్పుడే గాల్లో ఆడుతోంది.